అంచు తెగిన అయిదు రూపాయల నాణెం దొరికితే ముందుగా చేయవలసినవి

అనంతపురంలో మీకు చిల్లరగా వచ్చిన పాత అయిదు రూపాయల నాణేనికి ఒక పక్క నెలవంక ఆకారంలో ముక్క లేదని, దాన్ని తోమి ఎక్కడ అమ్మాలని అడిగారు. దయచేసి తోమకండి. చింతపండు, బూడిద, పళ్లపొడి, వీటిలో ఏది వాడినా నాణెం పైపొర పోతుంది. అది పోయాక లోపం అసలైనదే అయినా సేకరణకర్తలు ధర బాగా తగ్గిస్తారు. అంచులు పట్టుకొని రెండు వైపులా ఫొటోలు తీసి, విడిగా ఒక అట్ట హోల్డరులో భద్రపరచండి.

తరువాత తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ లోపం నాణేలు తయారయ్యే టంకశాలలో వచ్చిందా, లేక బయట ఎవరైనా ఆకురాయితో అరగదీశారా? ప్రొద్దుటూరులో నాకు ఇలాంటి నాణెమే దొరికినప్పుడు తెలిసిన నగల దుకాణంలో తూకం వేయించాను. మీరూ అలా వేయించవచ్చు గాని, అలవాటు కొద్దీ గీటురాయి మీద గీయకుండా ముందే చెప్పండి. కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) మామూలు అయిదు రూపాయల నాణెం లోపం లేకపోతే 9 గ్రాములుండాలి. అయితే అరగదీసినా బరువు తగ్గుతుంది కాబట్టి తూకం ఒక్కటే చాలదు.

నన్ను నమ్మించింది ఎదుటి అంచు. లోహపు రేకు నుంచి బిళ్లలు కత్తిరించేటప్పుడు, అప్పటికే కత్తిరించిన రంధ్రం మీదికి అచ్చు కొంత జరిగితే ఆ బిళ్ల నెలవంక మేర తక్కువగా వస్తుంది. ముద్ర వేయడానికి ముందు బిళ్లను దొర్లిస్తూ నొక్కి అంచు లేపుతారు. ఖాళీ భాగం వచ్చినప్పుడు దానికి సరిగ్గా ఎదురుగా ఒత్తిడి అందదు కనుక అక్కడ అంచు పలచగా, అస్పష్టంగా మిగులుతుంది. నా నాణెంలో ఆ పలుచదనం స్పష్టంగా ఉంది, కోత దగ్గరి అక్షరాలు కూడా ఖాళీ వైపు కొద్దిగా సాగి ఉన్నాయి. అరగదీసిన నాణెంలో ఎదుటి అంచు నిండుగానే ఉంటుంది, అక్షరాలు గీత గీసినట్టు తెగిపోతాయి, భూతద్దంలో చూస్తే ఆకురాయి గీతలు కనిపిస్తాయి. అదే రకపు మంచి నాణెం పక్కన పెట్టుకొని చూస్తే ఈ తేడాలు ఇంకా తేలికగా తెలుస్తాయి.

మధ్య బిళ్ల ఊడిన పది రూపాయల నాణేలను టంకశాల లోపాలుగా చూపి అమ్మజూపుతుంటారు. బిళ్లను బయట కూడా ఊడగొట్టవచ్చు కాబట్టి కొత్తవారు వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అమ్మకం విషయానికొస్తే, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషనో పన్నో ముందుగా కట్టమనే వారికి పైసా కూడా పంపకండి. పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. మీకు బెంగళూరు దగ్గర కనుక, అక్కడ నాణేల ప్రదర్శన జరిగినప్పుడు కనీసం ఇద్దరు వ్యాపారులకు విడివిడిగా చూపించి, ఆ తరువాతే ధర మాట్లాడండి.