జీతం షార్జాలో, ఇల్లు శ్రీకాకుళంలో, అప్పు రెండు చోట్లా

ప్రశ్న: మాది కవిటి మండలం. వయసు 36. ఏడేళ్లుగా షార్జాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా చేస్తున్నాను. జీతం 6,500 దిర్హామ్‌లు, అందులో బేసిక్ 3,500. దిర్హామ్ 23 రూపాయలనుకుంటే నెలకు లక్షన్నర. రూము కంపెనీదే. తిండికి, ఫోనుకి, మిగతా వాటికి నాకు 30 వేలవుతుంది. పిల్లల చదువుల కోసం నా భార్య శ్రీకాకుళంలో 9 వేల అద్దె ఇంట్లో ఉంటోంది. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మానాన్నల మందులు అన్నీ కలిపి అక్కడి ఖర్చు 45 వేలు. చెల్లి పెళ్లయ్యాక మిగిలింది 4 లక్షల ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా) డిపాజిట్. టౌన్లో 58 లక్షలకు ఒక ఇండిపెండెంట్ ఇల్లు చూశాం. బ్యాంకు 46 లక్షలు ఇస్తానంది. మిగతాదానికి ఇక్కడ నా జీతం పడే బ్యాంకులో 35 వేల దిర్హామ్‌ల పర్సనల్ లోన్, అంటే 8 లక్షలు, నా భార్య నగల మీద 3 లక్షలు, ఊళ్లో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు అనుకున్నాం. అవసరమొస్తే నా గ్రాట్యుటీ ఉంది, నాన్నగారి కొబ్బరి తోట ఉంది. నెలాఖరుకి లక్ష అడ్వాన్సు ఇవ్వాలి. పర్సనల్ లోన్ మంచిదా, ఆ 8 లక్షలు కూడా బంగారం మీదే తెచ్చుకోవడం మంచిదా? భోగాపురం వైపు వాయిదాల మీద స్థలాలు కూడా చెబుతున్నారు. అది మేలంటారా?

జవాబు: రెండూ వద్దు. అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా గల్ఫ్ జీతం మీద నడిచే ఇళ్లలో ఇదే లెక్క మళ్లీ మళ్లీ చూస్తున్నాను. ఊరు మారుతుంది, ఇంటి ధర మారుతుంది, అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: ఏ అప్పు చవక? జీతం ఆగిన నెలలో ఏమవుతుందని ఎవరూ అడగరు. మీరూ అడగలేదు. అందుకే మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు.

ముందు మీరు రాసిన అంకెలే కూడుదాం. 46, 8, 3, 2. మొత్తం 59 లక్షలు. ఇల్లు 58 లక్షలది. ఇంటి ధరను మించిన అప్పు చేసి, చేతిలో ఉన్న 4 లక్షల డిపాజిట్ కూడా దానికే పోస్తున్నారు. మరి ఇంత డబ్బు ఎక్కడికి పోతోందంటే రిజిస్ట్రేషన్‌కి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం. 58 లక్షల మీద 4,35,000. బ్యాంకు దీనికి అప్పివ్వదు. నగల మీద తెచ్చే 3 లక్షలు, వడ్డీకి తెచ్చే 2 లక్షలు దాదాపు మొత్తం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే అయిపోతాయి. గృహప్రవేశం నాడు మీ చేతిలో మిగిలేది 65 వేలు. అందులోనే కరెంటు పని, అల్మరాలు, భోజనాలు.

ఇక నెల వాయిదాలు. 46 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకి 39,900. షార్జా అప్పు 9 శాతానికి దొరికినా నాలుగేళ్ల పాటు నెలకు 870 దిర్హామ్‌లు, అంటే 20 వేలు. ఊళ్లో అప్పుకి వడ్డీయే 4 వేలు. ఏడాదికి 24 శాతం ఇచ్చి కూడా అసలు పైసా తగ్గదు. బంగారానికి రెండు వేల పైచిలుకు. అంతా కలిపి 66 వేలు. మీకు నెలకు మిగిలేది 75 వేలు, అద్దె 9 వేలు కూడా ఆగుతుంది కాబట్టి సరిపోతుందనుకుంటున్నారు. నిజమే, సరిపోతుంది. జీతం పడిన నెలలో.

జీతం ఆగితే ఏమిటి? ఇల్లు కొన్న ఏడాదికి మీ కంపెనీ ప్రాజెక్టు ముగిసి మిమ్మల్ని తీసేసిందనుకోండి. గ్రాట్యుటీ ఉంది అన్నారు. అక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. ఎనిమిదేళ్లకు 195 రోజులు. మీ బేసిక్‌తో లెక్కేస్తే 22,750 దిర్హామ్‌లు. అప్పటికి మీ పర్సనల్ లోన్‌లో ఇంకా 27 వేల దిర్హామ్‌లు పైనే ఉంటుంది. ఉద్యోగం పోయిందని తెలియగానే బ్యాంకు మీ ఖాతాలో పడిన ఫైనల్ సెటిల్‌మెంట్‌ని ఆపి తన బాకీకి పట్టుకుంటుంది. అప్పు ఇచ్చేటప్పుడు మీ చేత సంతకం పెట్టించుకునేదే అందుకు. గ్రాట్యుటీ మొత్తం పోయినా ఇంకా నాలుగు వేల దిర్హామ్‌లకు పైగా బాకీ. అది కట్టలేకపోతే కేసు పడొచ్చు. అప్పుడు ఇక్కడ శ్రీకాకుళం వాయిదా కట్టాలి, అక్కడ షార్జా బాకీ తీర్చాలి.

జీతానికి 20 రెట్ల దాకా ఇస్తామని అక్కడి బ్యాంకు వాళ్లు ఫోన్లు చేస్తూనే ఉంటారు. అలా ఇవ్వొచ్చని అక్కడి సెంట్రల్ బ్యాంకు పరిమితి పెట్టింది అంతే, అంత తీసుకోమని కాదు. ఆ డబ్బుతో ఇక్కడ మార్జిన్ (ఇంటి ధరలో బ్యాంకు ఇవ్వని, మనం పెట్టుకోవాల్సిన వాటా) కట్టి, అది మీ పొదుపని ఇక్కడి బ్యాంకుకి చూపించే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. విదేశంలోని క్రెడిట్ రిపోర్టు అడిగే బ్యాంకులు ఉన్నాయి.

అక్కడ ఉద్యోగం పోతే ఇచ్చే ఇన్సూరెన్సు 2023 నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి మీకూ ఉండాలి. దానిలో వచ్చేది బేసిక్‌లో 60 శాతం, అదీ మూడు నెలలు. మీకు నెలకు 2,100 దిర్హామ్‌లు, మొత్తం కలిపి రూపాయల్లో లక్షా 45 వేలు. ఇంటి వాయిదా మూడు నెలలు కట్టేసరికే లక్షా 20 వేలు పోతుంది. మీరే రాజీనామా చేస్తే అదీ రాదు.

ఇక నాన్నగారి తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ ఉద్దానంలో ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీ నాన్నగారిని అడగండి. కష్టం వచ్చిన వారంలో తోట అమ్మబోతే కొనేవాడు చెప్పిందే ధర. పెద్దవాళ్ల బతుకుతెరువుని మీ హౌసింగ్ లోన్‌కి హామీగా లెక్కలో రాసుకోవడమే నాకు నచ్చలేదు.

ఉద్దానం అన్నాను కాబట్టి అక్కడి కిడ్నీ జబ్బుల గురించి ఇంకో మాట. అమ్మానాన్నల మందులు అని ఒక్క మాటలో దాటేశారు. అవి బీపీ మాత్రలా, కిడ్నీవా? పలాసలో 2023లో ప్రభుత్వం 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక వైద్యం దగ్గరైంది, నిజమే. కానీ డయాలసిస్ పడితే వారానికి రెండు మూడుసార్లు మనిషిని తీసుకెళ్లి తీసుకురావడానికి, పక్కన ఉన్నవాళ్ల పని పోయినందుకు అయ్యే ఖర్చు ఏ ఆరోగ్య కార్డులోనూ రాదు. అది రోజువారీ చేతి డబ్బు. మీ ప్రణాళికలో ఆ డబ్బు ఎక్కడా లేదు.

కాబట్టి ఇల్లు కంటే ముందు అత్యవసర నిధి. ఎవరు అడిగినా ఇదే చెబుతానని నా మీద విసుర్లు ఉన్నాయి, ఉండనివ్వండి. ఇక్కడ జీతం తీసుకునేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు తొమ్మిది నెలలకు తగ్గితే ఒప్పుకోను. అక్కడ పని పోతే వీసా కూడా పోతుంది. మళ్లీ ఇంటర్వ్యూ, మెడికల్, వీసా, టికెట్టు అయ్యేలోపు ఒక విద్యా సంవత్సరం గడిచిపోవచ్చు. 2020లో వందే భారత్ విమానాల్లో తిరిగొచ్చి నెలల తరబడి ఊళ్లో కూర్చున్నవాళ్లు మీ మండలంలోనే ఉంటారు. అప్పుడు మారటోరియం ఇచ్చారుగా అంటారేమో. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. పైగా ప్రతి కష్టానికీ రిజర్వ్ బ్యాంకు మారటోరియం ఇవ్వదు. మామూలు రోజుల్లో 90 రోజులు వాయిదా పడకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ), ఆ పైన 60 రోజుల నోటీసు, తర్వాత ఇల్లు వాళ్లది.

మీకు ఎంత కావాలో చూద్దాం. ఇల్లు కొన్నాక అద్దె పోగా ఇంటి ఖర్చు 36 వేలు, బ్యాంకు వాయిదా 39,900. నెలకు 76 వేలు. తొమ్మిది నెలలకు 6 లక్షల 84 వేలు. 7 లక్షలు అనుకోండి. ఇది మార్జిన్‌లోకి, రిజిస్ట్రేషన్‌లోకి, బావమరిది వ్యాపారంలోకి, ఎందులోకీ పోకూడదు. ఇది కాక షార్జాలో మీ దగ్గరే 5 వేల దిర్హామ్‌లు వేరే ఖాతాలో ఉంచుకోండి, జీతం పడే బ్యాంకులో మాత్రం కాదు. పని పోయిన నెలలో తిండికీ టికెట్టుకీ అది.

మొత్తం ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే పెట్టేయకండి. ఏడాది నిండకుండా తీస్తే వడ్డీ ఒక్క రూపాయి రాదు. రెండు నెలల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది లక్ష లక్షగా విడివిడి డిపాజిట్లు వేయండి. ఎంత కావాలో అంతే తీసుకోవచ్చు.

ఇప్పుడు ఒక ఇబ్బందైన ప్రశ్న. నెలకు 75 వేలు మిగులుతుందని రాశారు. ఏడాదికి 9 లక్షలు. ఏడేళ్ల తర్వాత చేతిలో 4 లక్షలే ఉన్నాయి. జీతం మొదట్లో తక్కువై ఉంటుంది, ఏజెంటుకి కట్టిన అప్పు తీర్చి ఉంటారు, చెల్లి పెళ్లి చేశారు, ఒప్పుకుంటాను. అయినా ఆ 75 వేలు నిజంగా మిగులుతున్నాయా, కాగితం మీదేనా? తెలుసుకోవడానికి దారి ఉంది. ఇల్లు కొన్నామనే అనుకుని వచ్చే నెల నుంచి 66 వేలు జీతం పడిన రోజునే వేరే ఖాతాకి పంపండి. ఏడాది పాటు దాన్ని ముట్టకండి. పంపగలిగితే 8 లక్షలు చేరతాయి. మధ్యలో మూడు నాలుగుసార్లు తీయాల్సి వస్తే, ఆ వాయిదాలు మీరు కట్టలేరని బ్యాంకుకంటే ముందు మీకే తెలుస్తుంది.

పంపగలిగారనుకుందాం. రెండేళ్లలో దాదాపు 16 లక్షలు, ఉన్న 4 లక్షలతో కలిపి 20. అందులో 7 పక్కన పెట్టేస్తే 13 లక్షలు మీ సొంత మార్జిన్. దానితో 45, 48 లక్షల మధ్య ఇల్లు రిజిస్ట్రేషన్‌తో సహా ఒకే ఒక్క అప్పుతో కొనొచ్చు, నగలు బీరువాలోనే ఉంటాయి. ఈలోపు ధరలు పెరిగిపోతాయని ఆ ఇంటాయన చెబుతాడు. పెరగొచ్చు. అప్పుడు ఒక గది తగ్గిన ఇల్లు చూసుకోండి, లేదా ఇంకో ఏడాది ఆగండి. 58 లక్షల ఇల్లు మీకు 9 వేల అద్దెకు దొరికే ఇంటికంటే ఎంత మెరుగో కూడా ఒకసారి మీ ఆవిడతో కూర్చుని మాట్లాడండి. ఆ అద్దె ఏమీ దండగ కాదు.

టర్మ్ ఇన్సూరెన్సు లేకుండా హౌసింగ్ లోన్ సంతకం పెట్టొద్దు. సంపాదించేది మీరొక్కరే కాబట్టి కోటికి తగ్గకుండా. ప్రవాసీ భారతీయ బీమా ఉంది కదా అనకండి, అది 10 లక్షలే, అదీ ప్రమాదానికే, గుండెపోటుకి రాదు. కుటుంబాన్ని షార్జా తీసుకెళ్లడం ఈ జీతానికి అద్దె, స్కూలు ఫీజులతో కుదరదు, ఆ ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి.

భోగాపురం సంగతి ఒక్క మాటలో: వద్దు. ఎయిర్‌పోర్టు పేరు చెప్పి అమ్మే వాటిలో వ్యవసాయ భూమిగా మిగిలినవి ఉంటాయి. ఎన్ఆర్ఐకి వ్యవసాయ భూమి కొనే హక్కు ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టంలో లేదు. లేఅవుట్ అనుమతి, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూపించనివాడికి వాయిదా కాదు, టోకెన్ కూడా ఇవ్వకూడదు.

రెండేళ్ల తర్వాత కొనే రోజుకి పనికొచ్చేవి రెండు. ఇంటి ధర 50 లక్షలు, ఆ పైన అయితే అమ్మేవారికి ఇచ్చే దాంట్లోంచి 1 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే కోసి కట్టాలి; అమ్మేవారు కూడా ఎన్ఆర్ఐ అయితే ఆ కోత ఇంకా చాలా ఎక్కువ, ఆడిటర్ లేకుండా దిగకండి. మీరు రాలేక ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే ఆ ఒక్క ఇల్లు కొనడానికే పరిమితం చేసి రాయించండి. దుబాయ్‌లోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాక, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

ఈ సెలవుకి వచ్చినప్పుడు చేయాల్సిన పని వేరే ఉంది. మీ ఎన్ఆర్ఈ ఖాతా మీ ఒక్కరి పేరు మీదే ఉండి ఉంటుంది. మీకేదైనా అయితే మీ ఆవిడ ఆ డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరగాలి. బ్రాంచికి వెళ్లి ఆమె పేరు ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ (మీరున్నంత కాలం మీరు, తర్వాత ఆమె) పద్ధతిలో చేర్పించండి, నామినీ కూడా రాయించండి. మీరు అక్కడ ఉండగా ఇక్కడి ఖర్చులకు ఆమె ఆ ఖాతా నుంచి తీసుకునేలా మాండేట్ ఫారం కూడా అదే రోజు ఇచ్చేయండి. ఆధార్, పాన్, మీ వీసా పేజీ జిరాక్సులు వెంట తీసుకెళ్లండి.