ఒకే రోడ్డును ఎంతమందికి చూపిస్తారు?

ప్రశ్న: మాది నార్సింగి వైపు పాత ఇళ్ల కాలనీ. మా రోడ్డు మీదే మూడు టవర్లు, మొత్తం 1,400 ఫ్లాట్లు వస్తున్నాయి. ఇప్పటికే స్కూల్ బస్సు మెయిన్ రోడ్డెక్కడానికి 20 నిమిషాలు పడుతోంది. సైట్ ఆఫీసులో అడిగితే ‘ట్రాఫిక్ స్టడీ చేయించాం, ఇబ్బంది లేదని వచ్చింది’ అంటారు, కాగితం మాత్రం చూపించరు. ఆ స్టడీలో అసలు ఏం చూస్తారు? మేం అడగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అడగొచ్చు. టవర్ సగం లేవకముందే అడగండి.

స్టడీలో ఉండేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఇప్పుడు రోడ్డు మీద ఎన్ని బళ్లు తిరుగుతున్నాయి, కొత్త బిల్డింగు వల్ల ఎన్ని పెరుగుతాయి, రోడ్డు ఎన్నిటిని మోయగలదు, ఇదే లెక్క. బస్సునీ బైకునీ ఒకే గాటన కట్టలేం కాబట్టి అన్నిటినీ కారు లెక్కలోకి మారుస్తారు, దాన్నే పీసీయూ అంటారు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల ప్రకారం, టూవీలర్లు ఎక్కువగా తిరిగే చోట ఒక్కో టూవీలరు 0.75 కారుతో సమానం. మీ కాలనీ రోడ్డులాంటిది, అంటే రెండు వరుసలుండి, పక్కన బళ్లు ఆపుకుని, ఎక్కడపడితే అక్కడ అడ్డంగా దాటే రోడ్డు, రెండు వైపులా కలిపి గంటకు 900 పీసీయూలు మోస్తుందని అందులోనే ఉంది.

ఇప్పుడు మీరే వేసి చూడండి. 1,400 ఫ్లాట్లలో సగం మంది పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య తలా ఒక బండి తీశారనుకుందాం. 400 కార్లు, 300 బైకులు అనుకుంటే 625 పీసీయూలు. అంటే రోడ్డు సత్తాలో మూడింట రెండొంతులకు పైనే ఆ ఒక్క గేటుకే పోయింది, ఇంకా స్కూల్ బస్సులు, క్యాబులు, డెలివరీ బైకులు కలపలేదు, ఇప్పటికే తిరుగుతున్న మీ బళ్లనూ కలపలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లే అంతస్తుల విస్తీర్ణం కట్టాలన్న హద్దు, లేదు, ముందున్న రోడ్డు వెడల్పు, వదిలే ఖాళీ జాగా చూసి బిల్డింగు ఎత్తు తేలుస్తారు. రోడ్డేమో ఒకటే. దాని మీద ఐదు ప్లాట్లుంటే ఐదుగురూ అదే రోడ్డును, మొత్తం తమకే ఉన్నట్టుగా, చూపించి పర్మిషన్ తెచ్చుకుంటారు. ఎవరి స్టడీ వాళ్లది, పక్క సైట్లో లేస్తున్న టవర్ ఆ లెక్కలో లేకపోతే విడివిడిగా అన్నీ ‘ఇబ్బంది లేదు’ అనే చెబుతాయి.

అందుకే కాగితం చూడాలి. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణానికి కేంద్ర పర్యావరణ శాఖ 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తప్పనిసరి. ఇలాంటి ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది, మిమ్మల్ని ఎవరూ పిలిచి అడగకపోవడానికి కారణం అదే. కానీ అనుమతి పత్రం అదే శాఖ వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో దొరుకుతుంది. చాలా పత్రాల్లో కనిపించే ఒక షరతు కోసం వెతకండి: చుట్టూ 5 కిలోమీటర్ల లోపు రోడ్ల పరిస్థితి ఇప్పటికన్నా దిగజారకూడదు, ఆ ప్రణాళిక అక్కడ వస్తున్న నిర్మాణాలన్నిటి ప్రభావాన్నీ కలిపి వేసిన లెక్క మీద ఉండాలి, సంబంధిత శాఖలు దాన్ని ధ్రువీకరించాలి. ఆ షరతు ఉంటే, ధ్రువీకరించిన ప్రణాళిక కాపీ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. షరతుల అమలుపై బిల్డరు జూన్ 1న, డిసెంబర్ 1న ఇవ్వాల్సిన నివేదికలు కూడా బహిరంగ పత్రాలే.

కాగితం చేతికొచ్చాక ముందు తేదీ చూడండి. వేసవి సెలవుల్లోనో దసరా సెలవుల్లోనో బళ్లు లెక్కపెట్టి ఉంటే ఆ స్టడీ దేనికీ పనికిరాదు. మీరు కూడా స్కూళ్లు నడిచే మంగళవారమో బుధవారమో ఇద్దరు నిలబడి, ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఫోన్లో వీడియో తీసి, పావుగంటకోసారి లెక్క రాసుకోండి. ‘చాలా ట్రాఫిక్ అండీ’ అంటే ఆఫీసులో ఎవరూ వినరు, అంకెలు పెడితే జవాబు చెప్పాల్సొస్తుంది.

ప్రశ్న: రోడ్డు వెడల్పు చేస్తే సరిపోదా? మా దగ్గర అదే హామీ ఇస్తున్నారు.
– మరో పాఠకుడు, కోకాపేట

జవాబు: ఎక్కడ వెడల్పు చేస్తారో అడిగారా? మధ్యలో నాలుగు వరుసలు వేసి చివర జంక్షన్ దగ్గర పాత రెండు వరుసలే ఉంచితే, బళ్లు అక్కడికి కాస్త ముందుగా చేరతాయి, అంతే, క్యూ అక్కడే ఉంటుంది. గేటు ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. బారియర్ దగ్గర ఆగే కార్లు లోపల కాంపౌండ్‌లోనే నిలబడాలి, రోడ్డు మీద కాదు. గేటు నుంచి బయటికొచ్చినవాళ్లు కుడివైపు వెళ్లడానికి ఏ యూటర్న్ దాకా పోవాలో ప్లాన్‌లో వేలు పెట్టి చూపించమనండి. ఆ యూటర్న్ ఇప్పటికే జామ్ అవుతుంటే ముందు దాని సంగతి తేల్చమని రాతపూర్వకంగా అడగండి, బిల్డింగులో చేరొచ్చని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేలోపే.