తెల్లారేసరికి ఎయిర్ జీరో అవుతుంటే, కంప్రెసర్ మార్చే ముందు ఇవి చూడండి

మీరు చెప్పింది ఇదీ: పాత బస్సును క్యారవాన్ చేయించుకున్నారు, రాజోలులో రాత్రి ఇంటి దగ్గర పెడితే తెల్లారేసరికి ఎయిర్ బ్రేకుల గేజ్ ముల్లు జీరోలో ఉంటోంది, మెకానిక్ కంప్రెసర్ మార్చాలంటున్నాడు. తొందరపడకండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్రేకులకి కావాల్సిన గాలిని ట్యాంకుల్లోకి ఎక్కించేది కంప్రెసర్, ఇంజన్ ఆగాక దానికి పనే లేదు కదండీ. ట్యాంకులోకి ఎక్కిన గాలి వెనక్కి పోకుండా మధ్యలో చెక్ వాల్వ్ ఉంటుంది. రాత్రంతా దిగిపోతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు.

మాదీ ఇలాంటి బండే, పాలకొల్లు వైపు. హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నప్పుడు గాలి ఎక్కడ ఉంటుందో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. హ్యాండ్ బ్రేక్ వేయగానే వెనక బూస్టర్లలో, అంటే చక్రాల దగ్గర బ్రేకు పట్టించే డబ్బాల్లో, స్ప్రింగ్ వైపు గాలి బయటికి పోతుంది, చక్రాన్ని పట్టుకునేది స్ప్రింగే. పెడల్ తొక్కలేదు కాబట్టి బ్రేక్ వైపూ గాలి ఉండదు. అంటే రాత్రి లీకుకి బూస్టర్లతో సంబంధం లేదు. ట్యాంకులు, వాటి అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వులు, బ్రేక్ పెడల్ కింది ఫుట్ వాల్వ్‌కీ, వెనక బూస్టర్లకి గాలి పంపే రిలే వాల్వ్‌కీ వచ్చే పైపులు, గాలితో తెరుచుకునే తలుపు, ఎయిర్ హారన్, ఎయిర్ సస్పెన్షన్ ఉంటే దాని బెలూన్లు, వెతకాల్సింది వీటిలోనే.

ముందు లీకు ఎంత పెద్దదో చూడండి. అమెరికాలో భారీ వాహనాల లైసెన్స్ పరీక్షలో ఒక లెక్క ఉంది: ఇంజన్ ఆపి, బ్రేకులు వదిలిన స్థితిలో ట్రెయిలర్ లేని ఒంటి బండికి నిమిషానికి 2 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), పెడల్ తొక్కి పట్టుకుంటే 3 పీఎస్ఐ మించి దిగకూడదు. మన గేజ్‌లో ఒక కేజీ అంటే దాదాపు 14 పీఎస్ఐ. ఆ పరీక్షలో పాసయ్యే లీకే, నిమిషానికి 2 చొప్పున దిగితే 8 కేజీల ట్యాంకు గంటలోనే ఖాళీ. కాబట్టి తెల్లారేసరికి జీరో అయిందని భయపడటం కాదు, గంట తర్వాత ముల్లు ఎక్కడుందో చూడండి. ముల్లులు రెండుంటే ఒక్కోటి ఒక్కో బ్రేక్ సర్క్యూట్‌ది, ఏది ముందు పడుతోందో గమనించండి, ఆ సర్క్యూట్ నుంచే మొదలుపెట్టొచ్చు.

తర్వాత సబ్బు నీళ్లు. స్ప్రే బాటిల్లో పోసి, గాలి నిండా ఎక్కించి ఇంజన్ ఆపి, ప్రతి జాయింటు మీదా కొట్టండి. చెవితో వినపడని లీకు కూడా బుడగ కడుతుంది. మన దగ్గర గాలిలో తేమ, తీరం వైపు ఉప్పు ఎక్కువ. పైగా 216 హైవే మీద చేపల, రొయ్యల లారీల వెనక వెళ్తే కారే నీళ్లన్నీ కింద పైపుల మీదే. ఇత్తడి ఎల్బోలు పచ్చగా చిలుము పట్టి ఉంటే అక్కడ కాస్త ఎక్కువ సేపు చూడండి. బండి నెలల తరబడి కొబ్బరితోటలో నిలబెట్టే వాళ్లయితే నైలాన్ పైపులకి ఎలకల పళ్ల గుర్తులు ఉన్నాయేమో కూడా చూడాలి. నవ్వులాట కాదండీ.

క్యారవాన్లకి ఇంకో తలనొప్పి ఉంది, బాడీ కట్టినవాళ్ల పని. మా బండిలో నీళ్ల ట్యాంకు బిగించిన పట్టీ కింద నుంచి నైలాన్ పైపు లాగారు. కుదుపులకి రాసుకుని రాసుకుని ఒకచోట తెల్లబడి పలచబడింది. సబ్బు నీళ్లు కొడితే అక్కడ కప్ప కన్ను అంత బుడగ లేచి, పగిలి, మళ్లీ లేచేది. అరిగిన ముక్క తీసేసి, పైపు చివర నిటారుగా కోసి, కొత్త ఫెర్రూల్‌తో (పైపును బిగించి పట్టే చిన్న రింగు) జాయింటు వేయించి, పట్టీకి రబ్బరు తొడిగించాం. ఫెర్రూల్ జాయింట్లకి టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి. దాని తునకలు వాల్వుల్లోకి పోయి కొత్త లీకు తెచ్చిపెడతాయి.

రాత్రి లీకు దొరికాక మిగతావి. చదునైన నేల మీద చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి హ్యాండ్ బ్రేక్ వదలండి. అప్పుడు రిలే వాల్వ్ అడుగు నుంచో ఫుట్ వాల్వ్ అడుగు నుంచో గాలి పోతూ, హ్యాండ్ బ్రేక్ వేయగానే ఆగితే, తప్పు చాలాసార్లు ఆ వాల్వ్‌ది కాదు, స్ప్రింగ్ బూస్టర్ లోపలి సీల్‌ది. ఇది తెలియక వాల్వులు మార్చించుకునేవాళ్లు బోలెడు. పెడల్ తొక్కినప్పుడే చక్రం దగ్గర బుస్సుమంటే ఆ బూస్టర్ లోపలి రబ్బరు పొర, డయాఫ్రమ్, చిరిగిందన్నమాట.

ఏ జాయింటు విప్పినా ముందు ట్యాంకుల్లో గాలి పూర్తిగా వదిలేయాలి. స్ప్రింగ్ బూస్టర్‌ని బిగించి ఉంచే క్లాంపు మాత్రం సొంతంగా ముట్టుకోకండి. లోపలి స్ప్రింగ్ ఎగిరితే ప్రాణం పోతుంది. ఆ పని వచ్చిన మెకానిక్‌కే వదిలేయండి.

మీ మెకానిక్ మాట ఎప్పుడు నిజమంటే, లీకులన్నీ కట్టేశాక కూడా గాలి ఎక్కడానికి చాలా సేపు పడితే. ట్యాంకు డ్రెయిన్ తీసినప్పుడు నీళ్లతో పాటు నూనె కూడా బాగా వస్తుంటే కంప్రెసర్ రింగులు అరిగినట్టే. ఉత్త నీళ్లే అయితే గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ మార్చి చూడండి, కంప్రెసర్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది.