సూపర్‌విజన్ కోర్సుకి పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

పాఠకురాలి ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మెంటల్ హెల్త్ కౌన్సెలర్‌ని. వారంలో రెండు రోజులు ఒక సంస్థలో పని, మిగతా రోజులు సొంత ప్రాక్టీస్. ప్రాక్టీస్‌లో వారానికి 22 సెషన్లు ఉంటాయి. వచ్చే ఏడాది లైసెన్స్ రెన్యువల్, అందుకు ఇంకా 30 గంటల శిక్షణ చూపించాలి. ఎలాగూ చేయాలి కాబట్టి సూపర్‌వైజర్ డిప్లొమా (వేరే కౌన్సెలర్ల పనిని పర్యవేక్షించి దారి చూపడానికి శిక్షణ), ట్రామా థెరపీ (తీవ్రమైన మానసిక గాయాలకి చికిత్స) సర్టిఫికేషన్ రెండూ ఇప్పుడే కానిచ్చేద్దామని ఉంది. రెండిటి ఫీజు కలిపి నా ఐదు నెలల ఆదాయం. నాలుగు నెలల ఆదాయమంత పర్సనల్ లోన్ 16 శాతం వడ్డీకి మూడేళ్లకు ఇస్తామంటున్నారు, మిగతాది క్రెడిట్ కార్డు మీద పెడతాను. వారానికి ఆరు సెషన్లు పెంచుకుంటే ఈఎంఐ వెళ్లిపోతుంది. చేతిలో పొదుపు ఒక నెల ఖర్చుకు సరిపోతుంది. మరీ అవసరమైతే కార్డు లిమిట్ ఉంది. చదువు మీద పెట్టేది పెట్టుబడే కదా?

జవాబు: తీసుకోవద్దు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పదేపదే చేసే తప్పు మీ ఉత్తరంలో చాలా స్పష్టంగా కనిపిస్తోంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చదువుకోవాలన్న మీ ఆలోచనలో తప్పేమీ లేదు. నెల ఖర్చు తప్ప వెనక ఏమీ లేకుండా మూడేళ్ల అప్పు నెత్తిన పెట్టుకోవడమే తప్పు.

ముందు అప్పు లెక్క చూడండి. మూడేళ్లు, 16 శాతం అంటే ప్రతి వందకీ మీరు తిరిగి కట్టేది దాదాపు 126న్నర. మీ అప్పు నాలుగు నెలల ఆదాయం కాబట్టి ఒక నెల ఆదాయానికి పైగా వడ్డీకే పోతుంది. ఈఎంఐ మీ నెల ఆదాయంలో ఏడో వంతు. కార్డు బాకీ సంగతి ఇంకా ఘోరం. నెలకు 3 శాతం అని చిన్నగా కనిపించే వడ్డీ, మినిమమ్ డ్యూ కడుతూ పోతే ఏడాదికి 42 శాతం దాటుతుంది. కోర్సు ఫీజు కార్డు మీద పెట్టి నెలనెలా మోసే ఆలోచన ఉంటే ఇవాళే మానేయండి. దాని మీద చర్చ కూడా అనవసరం.

ఇక వారానికి ఆరు సెషన్లు పెంచడం గురించి. కాగితం మీద ఆరు గంటలే. ఆ పని ఎలా ఉంటుందో నాకన్నా మీకే బాగా తెలుసు. ఆ ఆరుగురిలో ఒకరు చనిపోవాలనిపిస్తోందని చెప్పారనుకోండి. ఆ వారం రిస్క్ అసెస్‌మెంట్, సేఫ్టీ ప్లాన్, ఇంట్లోవాళ్లతో మాటలు, సైకియాట్రిస్టుకి రెఫరల్, మీ సూపర్‌వైజర్‌కి అర్జెంటు ఫోన్, ఆ రాత్రి కూర్చుని నోట్స్... ఇందులో బిల్లు అయ్యేది ఒక్క సెషనే. 22 సెషన్లతో నిండుగా ఉన్న వారాన్ని 28కి తీసుకెళ్లి, దాన్ని మూడేళ్ల పాటు ఒక్క నెల కూడా తగ్గించుకునే వీలు లేకుండా బ్యాంకుకి రాసిచ్చేస్తానంటున్నారు మీరు. సెలవుల్లో క్లయింట్లు తగ్గుతారు, ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ చేసేవాళ్లుంటారు. ఈఎంఐ తేదీ మాత్రం మారదు.

మీ వృత్తిలో ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నీతి నియమావళిలో సి.2.జి అనే అంశం ఏమంటుందంటే, శారీరకంగా గానీ మానసికంగా గానీ తమ పరిస్థితి క్లయింటుకి హాని చేసేలా ఉంటే కౌన్సెలర్ సేవలు తగ్గించుకోవాలి, ఆపేయాలి. మీరు ఏ సంఘంలో సభ్యులైనా ఇలాంటి నియమం ఉండే ఉంటుంది, తీసి చదవండి. ఇప్పుడు చెప్పండి, చేతిలో ఒక నెల ఖర్చు, నెత్తి మీద ఈఎంఐ ఉన్న మనిషి, ఇంట్లో ఎవరో పోయి తనే కుదురుగా లేని రోజుల్లో, రెండు నెలలు క్లయింట్లని చూడనని చెప్పగలదా? చెప్పాలనే ఉంటుంది, డబ్బు చెప్పనివ్వదు. మిగతా ఉద్యోగాల్లో ఎమర్జెన్సీ ఫండ్ ఇంటిని కాపాడుతుంది. మీ దగ్గర అది క్లయింట్లని కూడా కాపాడుతుంది. నేను ఎవరికైనా ముందు ఫండ్ అనే చెబుతాను, కౌన్సెలర్లకి ఇంకా గట్టిగా చెబుతాను.

ఎంత ఉండాలి? స్థిరమైన జీతం ఉన్నవాళ్లకి ఆరు నెలలు అంటాను. మీ ఆదాయంలో పెద్ద భాగం సెషన్ల మీద ఆధారపడింది కాబట్టి తొమ్మిది నెలలు. ఇందులో ఇంటి ఖర్చు ఒక్కటే లెక్కేస్తే చాలదు. మీరు పని ఆపినా ఆగనివి కొన్ని ఉంటాయి. గది అద్దె, ఇండెమ్నిటీ (మీ పని మీద ఎవరైనా కేసు వేస్తే కాపాడే ఇన్సూరెన్స్) ప్రీమియం, క్లయింట్ రికార్డులు భద్రంగా ఉంచే సాఫ్ట్‌వేర్ చందా, సభ్యత్వ రుసుము, మీరు మీ సూపర్‌వైజర్‌కి ఇచ్చే ఫీజు, అన్నీ రాసుకోండి. పని ఆపేటప్పుడు క్లయింట్లని వేరేవాళ్లకి అప్పగించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ పనికి ఎవరూ డబ్బివ్వరు, అదీ కలపండి. కార్డు లిమిట్‌ని మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు, అది మీ డబ్బు కాదు, మీకు కష్టమొచ్చిన నెలలోనే బ్యాంకు దాన్ని తగ్గించినా మీరు చేయగలిగిందేమీ లేదు. ఫండ్ ఎక్కడ పెట్టాలన్నది పెద్ద విషయం కాదు, ఒకటి రెండు రోజుల్లో చేతికి రావాలి, అంతే. షేర్లు, మ్యూచువల్ ఫండ్లలో సిప్‌ల గురించి తొమ్మిది నెలలు నిండాక మాట్లాడుకుందాం.

ఇప్పుడు చదువు సంగతి. మీరు రెండు వేరువేరు అవసరాలని కలిపేశారు. రెన్యువల్‌కి కావలసింది 30 గంటలు. దానికి డిప్లొమా అక్కర్లేదు. ఉదాహరణకి అమెరికాలో నేషనల్ సర్టిఫైడ్ కౌన్సెలర్ గుర్తింపు నిలుపుకోవడానికి 5 ఏళ్లలో 100 గంటలు అడుగుతారు, అంటే ఏడాదికి 20. ఇలాంటి గంటలు సంఘాలు పెట్టే వెబినార్లు, ఒకరోజు వర్క్‌షాపులు, మీరు పనిచేసే సంస్థ ఇచ్చే శిక్షణతో చాలావరకు నిండిపోతాయి. ముందు మీకు లైసెన్స్ ఇచ్చే బోర్డు ఏవి ఒప్పుకుంటుందో చూసి, ఎథిక్స్‌కి విడిగా గంటలు అడిగితే అవి ముందు పూర్తిచేయండి. సంస్థలో రెండు రోజులు పనిచేస్తున్నారు కదా, శిక్షణ బడ్జెట్ ఉందా అని అడిగారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. అడగండి, లిఖితపూర్వకంగా అడగండి.

ట్రామా సర్టిఫికేషన్ ఫీజుని మొత్తం ఖర్చు అనుకోవద్దు. ఈఎండీఆర్ అనే, కళ్ల కదలికలతో చేసే ట్రామా చికిత్సనే తీసుకోండి, దాని అంతర్జాతీయ సంఘం ప్రమాణం ప్రకారం ప్రాథమిక శిక్షణలో 20 గంటల పాఠాలు, 20 గంటల అభ్యాసం, ఆపైన 10 గంటల కన్సల్టేషన్ (అనుభవం ఉన్నవాళ్లతో మీ కేసులు చర్చించడం) ఉంటాయి. కన్సల్టేషన్‌ని కొందరు ఫీజులో కలిపేస్తారు, కొందరు విడిగా తీసుకుంటారు, చేరకముందే తేల్చుకోండి. పైగా ఆ రోజుల్లో మీరు వదులుకునే సెషన్లు ఏ బ్రోషర్‌లోనూ ఉండవు. ఇంకో మాట, విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 140 మందికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరికని క్లయింటు నోటితోనే బయటికి తెచ్చే కౌన్సెలింగ్ పద్ధతి) నేర్పించి చూశారు. వర్క్‌షాపుతోనే ఆపేసినవాళ్లలో నేర్చుకున్నది నెలలు గడిచేకొద్దీ జారిపోయింది, తర్వాత ఫీడ్‌బ్యాక్ గానీ కోచింగ్ గానీ అందినవాళ్లలో నిలిచింది. డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు పెద్ద సర్టిఫికెట్ కన్నా చిన్న కోర్సు, దాని వెనక నెలనెలా కన్సల్టేషన్ మేలని దీన్నిబట్టే అంటున్నాను.

సూపర్‌వైజర్ డిప్లొమా మంచిదే, ఎప్పటికైనా చేయండి. సూపర్‌విజన్ చేయాలంటే ముందు అందులో శిక్షణ ఉండాలని పైన చెప్పిన అమెరికన్ నియమావళే అంటుంది కాబట్టి దొడ్డిదారి లేదు. కానీ ఆదాయం వెంటనే వస్తుందన్న అంచనా వదిలేయండి. మొదట్లో మీ దగ్గరికొచ్చేది కొత్తవాళ్లు, ఎక్కువ ఇచ్చుకోలేరు, వాళ్లకి కావలసిన గంటలు పూర్తవగానే వెళ్లిపోతారు. వాళ్ల క్లయింట్ల బాధ్యతలో మీకూ వాటా ఉంటుంది. మీరు అందుబాటులో లేనప్పుడు వాళ్లు ఎవరిని సంప్రదించాలో కూడా మీరే ఏర్పాటు చేయాలి. ఇంత బరువు ఎత్తుకునే మనిషి చేతిలో ఒక నెల ఖర్చుతో ఉండకూడదు.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. సంస్థ ఇచ్చే ఇండెమ్నిటీ మీ సొంత ప్రాక్టీస్‌కి వర్తించకపోవచ్చు, సూపర్‌విజన్‌కి అసలే వర్తించకపోవచ్చు, పాలసీ తీసి చూడండి. క్లెయిమ్స్‌మేడ్ పాలసీ (క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పనిచేసేది) అయితే మధ్యలో ఆపితే పాత కేసులకి రక్షణ పోతుంది. ఆదాయ రక్షణ పాలసీ తీసుకుంటే మానసిక అనారోగ్యాన్ని మినహాయించారేమో తప్పకుండా చదవండి.

వరుస ఇలా పెట్టుకోండి. లోన్ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. ఈ ఏడాది 30 గంటలు తక్కువ ఖర్చులో ముగించండి. ఆరు సెషన్లకి బదులు రెండు పెంచండి, అలసిపోతే వెంటనే తగ్గించుకోవచ్చు, అడిగేవాడు ఉండడు. ఆ డబ్బంతా ఫండ్‌కే. మూడు నెలల ఖర్చు చేరాక ట్రామా శిక్షణలో మొదటి భాగం మాత్రం చేరండి, ఫీజు చేతి డబ్బుతోనే. ఆరు నెలలు దాటాక డిప్లొమా. అప్పుడు కూడా వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకుంటారా అని అడగండి, అడిగినవాళ్లకి ఇచ్చే సంస్థలు ఉంటాయి. బ్యాచ్ నిండిపోతుంది, రేపటితో ఆఫర్ అయిపోతుంది అని ఎవరైనా తొందరపెడితే, తర్వాతి బ్యాచ్ తేదీ ఈమెయిల్‌లో పంపమని చెప్పి ఫోన్ పెట్టేయండి.