చేతిపనికి వైరున్న మెషిన్ మంచిదా, బ్యాటరీదా?

స్క్రూలు బిగించడం, చిన్న రంధ్రాలు వేయడం లాంటి ఆగి ఆగి చేసే పనులకు బ్యాటరీ మెషిన్, గోడ కోయడం, గ్రైండింగ్ లాంటి ఏకబిగిన సాగే పనులకు వైరున్న మెషిన్ తీసుకోవాలి.

తేడా అంతా బ్యాటరీలో పట్టే కరెంటుది. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్ అని రాసి ఉన్న బ్యాటరీలో ఉండేది రెండింటినీ గుణిస్తే వచ్చే 90 వాట్ అవర్లే, అంటే 90 వాట్ల మోటారును గంటసేపు తిప్పేంత. స్క్రూ బిగించడానికి రెండు మూడు సెకన్లు చాలు, తర్వాతి స్క్రూ చేతికి తీసుకునేదాకా మోటారుకు విశ్రాంతి. అందుకే అదే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. పైగా నిచ్చెన మీద ఉన్నప్పుడు కాళ్లకు వైరు అడ్డం పడదు.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్ పైపు దించడానికి గోడకు గాడి కోస్తున్నాడనుకోండి. 1,200 వాట్ల కట్టర్ పూర్తి లోడు మీద తిరిగితే ఆ 90 వాట్ అవర్లు నాలుగున్నర నిమిషాల్లో ఖాళీ. గది మొత్తం కోయాలంటే ఎన్ని బ్యాటరీలు మోసుకెళ్లాలి? దానికి ప్లగ్గే దిక్కు. స్లాబ్ దశలో కరెంటే రాని సైటయితే మాత్రం లెక్క మారుతుంది.

చాలామంది 20 వోల్టుల మెషిన్ 18 వోల్టుల దానికంటే బలమైనదనుకుని ఎక్కువ డబ్బు పెడతారు. సాధారణంగా రెండింటి లోపలా వరసగా కలిపిన సెల్స్ 5. ఒక్కోటి 3.6 వోల్టులు, కాబట్టి 18. అప్పుడే ఫుల్ ఛార్జ్ చేసినప్పుడు దాదాపు 20 చూపిస్తుంది, డబ్బా మీద ఆ అంకె వేస్తారు. కొనేముందు చూడాల్సింది ఆంపియర్ అవర్లు, మోటారు బ్రష్‌లెస్సా (లోపల రాసుకుని అరిగే కార్బన్ బ్రష్‌లు లేనిదా) కాదా అన్నది.