ఒడ్డు దగ్గర ఎందుకంత తొందర?

తమ్ముడికి,

పాలమూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఉపగ్రహ రాడార్‌తో సముద్రం మీద గురుత్వాన్ని కొలవడం గురించి మన దిక్కు నుంచి ఒకరు రాయడమే నాకు సంబురం. అయితే మొదటి పేరాలోని అలలు, నురగ, ఉప్పుగాలి తీసెయ్. విషయం మూడో పేరాలో మొదలైంది. రెండువేల మీటర్ల కొండ నీటి అడుగున ఉంటే, దాని ఆకర్షణకు పైన నీళ్లు సుమారు రెండు మీటర్లు ఉబ్బుతాయని చక్కగా చెప్పావు. నీటి వాలు కిలోమీటరుకు ఒక్క మిల్లీమీటరు మారినా గురుత్వంలో దాదాపు ఒక మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే చిన్న ప్రమాణం) తేడా అని కూడా చేర్చు. ఎంత సన్నని కొలతో అప్పుడు తెలుస్తుంది.

నా పేచీ అంతా తీరంతోనే. "ఒడ్డు దగ్గర కచ్చితత్వం తగ్గును" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎందుకు తగ్గుతుంది? ఉపగ్రహం వదిలే రాడార్ పల్స్, అంటే ఒక్క క్షణపు రేడియో తరంగం, కిందికి చేరేసరికి కొన్ని కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. నడిసముద్రంలో తిరిగొచ్చే సిగ్నల్ గ్రాఫ్ నిటారుగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ లేచే చోటును బట్టే ఉపగ్రహం నుంచి నీటికి దూరం, దాంతో నీటి ఎత్తు లెక్కిస్తారు. ఒడ్డు దగ్గర ఇసుక మేటలు, కదలని నీటి మడుగులు కూడా బదులిస్తాయి. గ్రాఫ్ అంతా గజిబిజి. అందులోంచి సముద్రం బదులును మళ్లీ వెతికి పట్టుకోవడమే రీట్రాకింగ్. వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, రెండు పేరాలైనా ఇవ్వు. గాలిలోని తేమ సిగ్నల్‌ను ఆలస్యం చేస్తుంది కదా, దాన్ని సరిచేసే రేడియోమీటర్ చూసే మేర ఇంకా పెద్దది, అందులోనూ నేల కలిసిపోతుంది. లోతు తక్కువ చోట ఆటుపోట్ల లెక్కలూ సరిగా కుదరవు.

1985లో వెళ్లిన అమెరికా ఉపగ్రహం జియోశాట్‌కు పేజీ ఇచ్చావు. 2013లో శ్రీహరికోట నుంచి ఎగిరిన సరళ్‌కు ఒక్క వాక్యమూ లేదు, ఇదేం న్యాయం? ఇస్రో, ఫ్రాన్స్ కలిసి పంపిన ఆ ఉపగ్రహం పొట్టి తరంగాలు వాడే కా-బ్యాండ్ రాడార్‌తో ఇంకా చిన్న మేరను చూసింది, అందుకే ఒడ్డుకు మరింత దగ్గరగా పనికొచ్చింది.

సముద్రం చూడలేదని జంకకు. ఇవే రాడార్లు జలాశయాల మట్టాన్నీ కొలుస్తాయి, అక్కడా గట్టు నేలతో ఇదే తంటా. ఒకసారి నాగార్జునసాగర్ వెళ్లి, నీళ్లు ఎక్కడ వెడల్పో, కొండలు ఎక్కడ దగ్గరికొచ్చాయో చూడు. కొన్ని కిలోమీటర్ల మేర ఒకేసారి చూసే రాడార్‌కు అక్కడ ఏమేం తగులుతాయో రాయి. గ్రాఫ్ బొమ్మ మాత్రం నెట్ నుంచి తీసుకోకు, నీ చేత్తోనే గీయి. రెండో ప్రతి ఉగాదిలోపు పంపితే చాలు, నాకేం తొందర లేదు.

నల్లగొండ నుంచి,
మీ అన్న