ఫిల్టరు పెట్టాల్సింది మూల క్లాసుకే

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మిర్చి యార్డు కమీషన్ షాపుల కోసం నీవు రాస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ‘రసీదు’ అనే మూల క్లాసు నుంచి యార్డు రసీదు, కోల్డ్ స్టోరేజీ రసీదు అనే రెండు క్లాసులు తీశావనీ, టిక్కీలు (మిర్చి బస్తాలు) విడుదలైపోయిన కోల్డ్ స్టోరేజీ రసీదులు జాబితాల్లో కనబడకుండా ఆ పిల్ల క్లాసుకు గ్లోబల్ క్వెరీ ఫిల్టరు (ప్రతి క్వెరీకీ దానంతటదే చేరే షరతు) పెట్టబోతే, డేటాబేసుతో మాట్లాడే డాట్‌నెట్ లైబ్రరీ ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ ఒప్పుకోవడం లేదనీ రాశావు. వారసత్వ వరుసలో ఫిల్టరును మూల క్లాసుకే పెట్టాలన్నది, 2017లో ఈ సదుపాయం 2.0 వెర్షనుతో వచ్చినప్పటి నుంచీ ఉన్న నియమమే.

కనుక ఫిల్టరును రసీదు క్లాసుకే పెట్టి, షరతులో ముందుగా రకం అడుగు: ‘ఇది కోల్డ్ స్టోరేజీ రసీదు కాదు, లేదా ఇంకా విడుదల కాలేదు’. చాలామంది మొదటి సగం వదిలేసి, నేరుగా పిల్ల క్లాసుకు క్యాస్ట్ చేసి (ఆ రకమే అనుకుని) ‘విడుదల’ విలువను ఫాల్స్‌తో పోలుస్తారు. అన్ని రకాలూ ఒకే టేబుల్లో ఉన్నప్పుడు యార్డు రసీదుల వరుసల్లో ఆ కాలమ్ నల్‌గా, అంటే విలువే లేకుండా, ఉంటుంది. నల్‌ను దేనితో పోల్చినా ఎస్‌క్యూఎల్‌లో నిజమని తేలదు కాబట్టి, ఏ ఎర్రరూ లేకుండానే యార్డు రసీదులన్నీ మాయమవుతాయి. టు క్వెరీ స్ట్రింగ్ అనే మెథడ్‌తో, తయారైన ఎస్‌క్యూఎల్ తీసి, వేర్ భాగంలో రసీదు రకాన్ని చెప్పే డిస్క్రిమినేటర్ కాలమ్, దాని పక్కన ‘ఆర్’ ఉన్నాయో లేదో నీ కళ్లతో చూసుకో.

షాపువారీగా వేరుచేసే షరతు కూడా ఈ క్లాసుకే కావాలి కదా. పేరు లేని ఫిల్టరును రెండోసారి పెడితే మొదటిది చెరిగిపోతుంది, అందుకే రెండింటినీ ‘అండ్’తో ఒకే షరతుగా రాయాలి. అయితే అలా రాశాక, పాత రసీదుల నివేదిక కోసం ఫిల్టర్లన్నిటినీ పక్కనపెట్టే ఇగ్నోర్ క్వెరీ ఫిల్టర్స్ వాడిన చోటల్లా షాపుల మధ్య అడ్డుగోడ కూడా లేచిపోతుంది. ఒక షాపు చిట్టా పక్క షాపు గుమస్తా కంట పడితే యార్డులో నీ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎవరూ తెరవరు. 10వ వెర్షనులో ఫిల్టర్లకు పేర్లు పెట్టి, కావలసిన దాన్ని మాత్రమే పక్కనపెట్టవచ్చు. వీలైతే దానికే మారమని నా మాట.

చెల్లింపుల క్లాసుకు రసీదుతో తప్పనిసరి సంబంధం పెట్టి ఉంటే, చెల్లింపుతో పాటు రసీదునూ ఇన్‌క్లూడ్‌తో తెచ్చినప్పుడు అది ఇన్నర్ జాయిన్ (రెండు వైపులా జత ఉన్న వరుసలే వచ్చే కలయిక) అవుతుంది. ఫిల్టరు దాచిన రసీదుతో పాటు దాని చెల్లింపూ లెక్కలోంచి జారిపోతుంది. ఆ సంబంధాన్ని ఐచ్ఛికం చేసి, మొత్తాలు మళ్లీ సరిచూసుకో.

ఇట్లు,
మీ మామయ్య